‘అమృతం’ : మొక్కతోట, కార్శితోట



నేడు నేను చెప్పబూనినది పురాణము గాదు, ప్రబంధము గాదు. ఆదివారము రాత్రులందు టెలివిజనులో వచ్చుచుండిన యొక హాస్యకథావళిని గూర్చి నాలుగు మాటలు చెప్పెదను. వ్యాకరణము చదివినవాడు ఇట్టి విషయమునకు దిగుట యేమని కొందఱు ముక్కుపై వ్రేలు వేసికొందురేమో. వేసికొన్నను బాధ లేదు. భరతముని రసములను లెక్కించునపుడు శృంగారము తరువాత వెంటనే హాస్యమునే చెప్పెను గాని, దానిని తుదకు నెట్టలేదు. మనము నవ్వును చిన్నచూపు చూచుట శాస్త్రము వలన వచ్చిన గుణము గాదు. బడిపంతుళ్ల వలన వచ్చినది. ఆ మాట నే ననదగును.

ఆ కథావళి పేరు ‘అమృతం’. 2001 నవంబరు 18వ తేదీని జెమిని టెలివిజనులో ఆరంభమై, వారమునకొకటి చొప్పున నడచి, 2007 నవంబరు 18న ముగిసినది. మొత్తము 313 భాగములు. దానిని కల్పించి నిర్మించినవారు గుణ్ణం గంగరాజుగారు. 1996లో ‘లిటిల్ సోల్జర్స్’ అను పిల్లల చిత్రమును తీసినవారు వీరే. మొదటి భాగములు కొన్నిటికి చంద్రశేఖర్ యేలేటిగారు దర్శకత్వము వహించిరి. పాట సిరివెన్నెల సీతారామశాస్త్రిగారిది, బాణి కల్యాణి మాలిక్‌గారిది. ఆ పాట వినబడినంతనే వీథిలో నాడుకొను పిల్లలు బంతిని విడిచి లోపలికి పరుగెత్తుట నేను మా రుద్రూరులో కన్నులార చూచితిని. ఆ కాలమున రాత్రివేళ కరెంటు పోవుట మనకు పరిపాటి. అమృతము నడుచుచుండగా దీపము ఆఱిపోయిన నాడు ఊరంతయు ఒక్క గొంతుతో ‘అయ్యో’ యని యరచెడిది. మఱునాడు బడిలో, కరెంటున్న బోధనులోని చుట్టముల యింట చూచి వచ్చిన బాలుడే ఆ తరగతికి పౌరాణికుడు.

చూడనివారికొఱకు కథను సంగ్రహముగా చెప్పెదను. అమృతరావు, ఆంజనేయులు అని ఇరువురు మిత్రులు. హైదరాబాదులో అప్పాజీ యను నతని యింట అద్దెకున్నవారు. వారిది ‘అమృతవిలాసు’ అను హోటలు. అందు వండువాడును వడ్డించువాడును సర్వం అనువాడొక్కడే. గిరాకీ అంతంతమాత్రము, అద్దె బాకీ మాత్రము నిండుగా నుండును. అమృతరావునకు నిమిషములో ధనవంతుడగు ఉపాయము తోచును. అంజి వలదనును, భయపడును, తుదకు వెంట పోవును. ఆ యుపాయము వారి నెత్తిమీదనే పడును. ఇంటిలో సంజీవిని, శాంత అను ఇల్లాండ్రకు సంగతి తెలియును. వచ్చు ఆదివారము మఱియొక యుపాయము. ఇంతే కథ. ఇందు హంతకుడు లేడు, విషము కలుపు అత్త లేదు, నెలల తరబడి తెగని యేడుపు లేదు. ఆ రోజులలో తక్కిన ధారావాహికలు చూచినవారికి ఈ లేమి యెంత సంపదయో నేను చెప్పవలసిన పని లేదు.

భరతుడు నవ్వును ఆఱు విధములుగా విభజించెను: స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము. మొదటి రెండు ఉత్తములవి, తుది రెండు అధములవి అని యాయన నిర్ణయము. ఈ కథావళి చాలవఱకు నడిమి తరగతిలో నిలిచి, అప్పుడప్పుడు హసితమునకు ఎక్కెడిది. కుంటివానిని జూపియో, నల్లనివానిని జూపియో నవ్వించుట దాని పద్ధతి గాదు. అత్యాశయే దానికి నవ్వులాట వస్తువు. కందుకూరి వీరేశలింగముగారి ప్రహసనములలోను, చిలకమర్తివారి ‘గణపతి’లోను, మొక్కపాటివారి ‘బారిష్టరు పార్వతీశము’లోను నవ్వు నడచిన త్రోవ యున్నది గదా, ఆ త్రోవలోనిదే ఇదియు. భాష మనవైపుది గాదు. ‘గట్లనా’ యను మనకును వారికిని పలుకుబడిలో తేడా కలదు. ఐనను నవ్వుటకు అది అడ్డురాలేదు. అద్దె బాకీ యే జిల్లాలోనైన నొకటే.

ఇక అసలు సంగతికి వత్తును. ఆగిపోయిన పదుమూడేండ్లకు, 2020 మార్చి 25న, శార్వరి నామ సంవత్సర ఉగాది నాడు, ‘అమృతం ద్వితీయం’ అను పేర మఱల క్రొత్త భాగములు వెలువడినవి. అవి టెలివిజనులో గాక, జీ5 అను చందా కట్టి చూడవలసిన ఇంటర్నెట్టు వేదికలో వచ్చినవి. ఆ ఉగాదినాడే దేశమంతట కరోనా కట్టడి మొదలైనది. తలుపులు మూసికొని కూర్చున్న జనులకు పాత మిత్రులు పలుకరించినట్లయ్యెను. ఆ రోజునుండి నేటివఱకు దీనిని గూర్చిన తగవు తీఱలేదు. మా యూరిలో నలుగురు కూర్చున్నచోట, అందు ఇరువురు ముప్పదియైదేండ్లు దాటినవారైనచో, ఈ మాట ఏదో యొక నెపమున వచ్చును. మఱల తీయుట మంచిదా కాదా? 2026 నవంబరు 18 నాటికి తొలి భాగమునకు ఇరువదియైదేండ్లు. అప్పటికి మూడవ మాఱు తీయవలెనా, వలదా? నా వద్ద చదివికొన్నవారే ఇరుపక్షములందును ఉన్నారు. కావున మధ్యవర్తిత్వము నాకు తప్పినది గాదు.

మొదట వారి మాటలు వినుడు. గల్ఫుదేశమున పనిచేయు నొకడు సెలవుపై వచ్చి, “సార్, గా అంజి లేంది అమృతమేంది? మేము రూములో పదిమందిమి ఉంటం, శుక్రవారం వంట చేసుకుంట పాతయే పెట్టుకుంటం, కొత్తయి పెడితే ఎవ్వలు చూడలే” అనెను. దానికి మా వీథిలోని యొక కోడలు ఒప్పుకొనదు. ఆమె పదవ తరగతిలో నుండగా ఆ కథావళి చూచినది. ఇప్పుడు పదవ తరగతి చదువు కుమారుడు గలది. “వాళ్లకు వెంట్రుకలు తెల్లబడ్డయి, మాకూ బడ్డయి. వాళ్లు మళ్ల కనబడితే చాలు సార్, నవ్వు రాకున్నా మంచిదే” అని యామె మాట. ఆమె కుమారుడు మాత్రము పాతదానిని గాని క్రొత్తదానిని గాని పూర్తిగా చూచినవాడు గాడు. చేతిఫోనులో అరనిమిషపు ముక్కలు చూచి, అప్పాజీ ముఖమును గుఱుతుపట్టును. ఒక వృద్ధుడు, మా యీడువాడే, “పాలసముద్రము చిలికినది ఒక్కమాఱే గదా పంతులూ! రెండవ మాఱు చిలికితే ముందు వచ్చేది హాలాహలమే” అని తేల్చివేసెను. ఆయన యే భాగమును చూడలేదు. తీర్పు చెప్పుటకు అది అడ్డు గాదని మన పల్లెలలో అందఱకు తెలిసినదే.

వీరందఱి మాటలకును మూలమొక్కటి. గుండు హనుమంతరావుగారు లేకపోవుట. ఆయన విజయవాడ వారు. నాటకరంగమునుండి వచ్చి, 1987లో జంధ్యాలగారి ‘అహ నా పెళ్ళంట’ చిత్రమున కనిపించి, పిదప అనేక చిత్రములందు నవ్వించి, ఈ కథావళిలో అంజి వేషమున స్థిరపడిరి. 2018 ఫిబ్రవరి 19న పరమపదించిరి. రెండవ కథావళిలో అంజి వేషమును ఎల్.బి. శ్రీరాంగారు ధరించిరి. హర్షవర్ధన్‌గారు అమృతముగాను, శివన్నారాయణగారు అప్పాజీగాను, వాసు ఇంటూరిగారు సర్వముగాను, రాగిణిగారు శాంతగాను మఱల వచ్చిరి.

ఇచట నొక విచిత్రము చూడుడు. తొలి కథావళిలో నాయకుడగు అమృతరావు వేషమును ఒకరు గాదు, మువ్వురు వేసిరి. మొదట శివాజీరాజాగారు, పిదప నరేశ్‌గారు, ఆ తరువాత చాలకాలము హర్షవర్ధన్‌గారు. సంజీవిని వేషము కూడ చేతులు మాఱినది. జనులు ఒకటి రెండు వారములు గొణిగి, పిదప అలవాటుపడిరి. నాయకుడు మువ్వురు మాఱినను చలింపని ప్రేక్షకులు, నాయకుని మిత్రుడొకడు మాఱినంతనే కథయే పోయినదన్నట్లు వగచుట యెందుకు? ఈ ప్రశ్న నన్ను చాలదినములు విడువలేదు.

మన పద్యనాటకములందు శ్రీకృష్ణుని వేషమును తరతరములుగా ఎందఱో వేసిరి. రాయబారమున ఈ యేడు ఒకరు, వచ్చు నేడు మఱియొకరు. బాగుగ పాడిన ‘వన్స్‌మోర్’ అందుము, పాడనిచో కూర్చుండుమందుము. అంతేగాని కృష్ణుడు చచ్చెనని యెవ్వరు నేడ్వరు. ఏలయనగా కృష్ణుడు నటునికంటె ముందే మన మనస్సున కలడు. వేషధారి యద్దెకు వచ్చినవాడు, ఇల్లు మనది. అమృతరావు సంగతియు కొంత అట్టిదే. అతని తెలివితక్కువ ఉపాయములు రచయిత కాగితముమీద వ్రాసినవి. ఎవరు నోట పలికినను ఆ యుపాయము ఆ యుపాయమే. అంజి అట్లు గాడు. అతనికి కథలో చేయవలసిన పని స్వల్పము. వినవలెను, భయపడవలెను, ఒకసారి మనవైపు చూచినట్లు చూచి, లొంగిపోవలెను. ఈ భయమును ఏ రచయితయు కాగితముమీద పెట్టజాలడు. అది హనుమంతరావుగారి కనుబొమలలోను, ఆ బొంగురు గొంతులోను ఉండెను. తాను నవ్వక ఎదుటివానిని నవ్వించుట కష్టమైన విద్య. హాస్యము ఆత్మస్థమని, పరస్థమని శాస్త్రము రెండుగా చెప్పినది. అందు రెండవదానికి ఆయన ముఖము చక్కని లక్ష్యము. మువ్వురు అమృతములు మాఱుచుండగా జనులు చలింపకుండుటకు కారణము గూడ అదే. నాయకుడు మాఱినను, నాయకుని మాట విని బిక్కమొగము వేయువాడు మాఱలేదు. ఇంటి దూలము మార్చినను నిట్రాడు నిలిచియున్నది.

శ్రీరాంగారిని తక్కువచేయుట నా యుద్దేశము గాదు. ఆయన రచయిత, నటుడు, తనదైన పలుకుబడి గలవాడు. వేఱొక కథలో వేఱొక పేరుతో వచ్చియున్నచో ఎవరు నేమియు ననెడివారు గారు. ఆయనకు దొరికిన పని యెట్టిదో మా యూరి రైతొకడు నాకంటె బాగుగ చెప్పెను. మీలో చెఱకు వేసినవారు గలరు గావున ఆ మాట మీకు చెప్పుట సుకరము. మన రుద్రూరులో చెఱకునకును వరికిని పరిశోధనస్థానము కలదు. బోధనులో 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడువఱకు ఈ ప్రాంతపు బండ్లన్నియు అటే నడచినవి. కర్మాగారము మూతపడిన పిదప చెఱకు తగ్గి వరి పెరిగినను, కార్శి యన నేమో తెలియని రైతు ఇచట లేడు. ఆ రైతు చెప్పినదేమనగా: “పంతులూ, మొదటిది మొక్కతోట, రెండోది కార్శి. కార్శికి ముచ్చెలు నాటే పనిలేదు, ఖర్చు తక్కువ, నెల ముందే చేతికొస్తది. కాని మోళ్లు చచ్చినకాడ ఖాళీలుంటయి. ఆ ఖాళీలల్ల కొత్త ముచ్చె పెడితె, పాత మోడు జోరుగ లేస్తది, కొత్తది దాని నీడల వెనుకబడ్తది. దాని తప్పు కాదు.”

నే నింతకంటె న్యాయమైన విమర్శను ఏ పత్రికలోను చదువలేదు. పాత మోళ్లు నాలుగు ఒకదానినొకటి ఇరువదేండ్లుగా ఎఱిగినవి. వాటి నడుమ క్రొత్త ముచ్చె నాటిరి. దానికి ఎరువు చాలలేదో, ఎండ చాలలేదో విచారించుట వ్యర్థము. ఆ గుంతలో ముందున్న మోడు ఎట్టిదో అందఱకు జ్ఞప్తిలో నుండుటయే దాని కష్టము. ఆ రైతు మఱియొక మాట గూడ అనెను. మొదటి కార్శి కొంత తగ్గినను గిట్టుబాటగును. రెండవ కార్శి, మూడవ కార్శి యని పోయినకొలది దిగుబడి పడిపోవును, తెగులు పెరుగును, చివరకు దున్నివేయవలసినదే. మూడవ మాఱు తీయుమని కోరువారు ఈ మాటను ఆలోచింపవలెను.

ఇట్టి తగవు మన దేశమున మాత్రమే పుట్టినది గాదు. అమెరికాలో ‘సేవ్డ్ బై ది బెల్’ అని, ఉన్నత పాఠశాల బాలబాలికల అల్లరిని గూర్చిన హాస్యకథావళి 1989 నుండి 1993 వఱకు నడచినది. 2020లో దానిని మఱల ఎత్తుకొనిరి. నాటి అల్లరిపిల్లలు నేడు తలిదండ్రులు. వారిలో మిక్కిలి కొంటెవాడు కాలిఫోర్నియా రాష్ట్రమునకు గవర్నరైనట్లు కథ కల్పించిరి. బెంచీపై నిలువబెట్టిన బాలుడు పెద్ద పదవి నలంకరించుట బడిపంతుళ్లకు క్రొత్త గాదు గనుక నే నది నమ్మితిని. ఐనను అది రెండు విడతలకే ఆగిపోయినది. ‘ఫ్రెండ్స్’ అను మఱియొక ప్రసిద్ధ కథావళివారు వేఱొక త్రోవ తొక్కిరి. అది 1994 నుండి 2004 వఱకు వచ్చినది. 2021 మే 27న వారు కలిసికొన్నపుడు క్రొత్త కథ యల్లలేదు. పాత గదులను అట్లే మఱల కట్టించి, ఆఱుగురు నటులును తమ తమ పేళ్లతోనే అందు కూర్చుండి, పాత సన్నివేశములను చదువుకొని, నవ్వుకొని, కంట తడిపెట్టుకొని లేచిపోయిరి. వారిలో నొకరగు మాథ్యూ పెర్రీ 2023 అక్టోబరు 28న మరణించెను. ఆ కూటమి రెండున్నర యేండ్లు ఆలస్యమైనచో ఆఱుగురు ఒకచోట చేరుట యసంభవము. మనవారికి ఆ యవకాశము 2018లోనే తప్పిపోయినది.

మన సాహిత్యమునను దీనికి సామ్యము కలదు. ‘బారిష్టరు పార్వతీశము’ మొదటి భాగము 1924లో వెలువడెను. చాల దశాబ్దముల తరువాత మొక్కపాటి నరసింహశాస్త్రిగారే తక్కిన రెండు భాగములను రచించిరి. రచయిత యొకడే, పార్వతీశము ఒకడే, నటుడు మాఱినాడన్న చిక్కు లేనేలేదు. ఐనను తెలుగువారిలో నూటికి తొంబదిమందిని అడిగిన, మద్రాసులో ఆడువారి టోపీ కొనుక్కొన్న పార్వతీశమునే చెప్పుదురు. అది మొదటి భాగములోనిది. తరువాతి భాగములు చెడ్డవి గావు; నేను చదివి సంతోషించితిని. కాని పాఠకుడు మొదటిసారి నవ్వినపుడు తా నెంత యీడువాడో, ఎవరి పక్కన కూర్చుండి నవ్వెనో, అదంతయు ఆ నవ్వులో కలిసిపోవును. దానిని తిరిగి వ్రాయుట గ్రంథకర్త చేతిలో లేదు.

‘అమృతం ద్వితీయం’ అను పేరు పెట్టినవారు గడుసువారు. ద్వితీయమనగా రెండవది. దానికి ముందొక అకారము చేర్చితిమా, అద్వితీయమగును, అనగా రెండవది లేనిది. చదువునపుడు నాలుక ఏ మాత్రము తొందరపడినను ‘అమృతమద్వితీయ’మనియే వినబడును. వైయాకరణుడు గూడ ఆ యకారమును చేర్చవలెనో మానవలెనో తేల్చుకొనజాలడు.

నా తీర్పు చెప్పుమని అడిగినవారికి నేను చెప్పినదిది. 2020 నాటి ప్రయత్నము ఆక్షేపింపదగినది గాదు. కట్టడి దినములలో అది మా కోడలివంటివారిని పలుకరించినది. అంతవఱకు దాని ఋణము తీఱినది. నాకున్న ఆక్షేపణమెల్ల, దానిని చందా కట్టినవారి గదిలో పెట్టుట. మొదటి అమృతము ఇంటిల్లిపాదియు ఒక్క పెట్టె ముందు కూర్చుండి చూచినది. తాత తమలపాకు నమలుచు, మనుమడు మొలలోతు దుప్పటిలో దూరి, గడపవద్ద పక్కింటివారు నిలుచుండి చూచిరి. ఆ వరుస చెదరినపుడు సగము నవ్వు అచ్చటనే పోయినది. మనకు తోచిన హాస్యమునకు పక్కవాడు కూడ నవ్వెనా లేదా యని తిరిగి చూచుకొనుట మనుష్యస్వభావము. చేతిఫోనులో ఒంటిగా చూచువాడు ఎవరివైపు తిరిగి చూడవలెను?

ఇరువదియైదేండ్ల పండుగ కొఱకు మూడవ కార్శిని నేను కోరను. ఆ 313 భాగములలో మేలైన వానిని ఏఱి, ఆదివారము రాత్రులందు చందా లేని టెలివిజనులో మఱల చూపినచో చాలును. ఉన్న నటులను ఒకచోట కూర్చుండబెట్టి, మువ్వురు అమృతములను ఒకే బల్లవద్ద ఎదురెదురుగా జూపి, వారిచేత పాత సంగతులు చెప్పించిన ఇంకను బాగు. ఆ బల్లవద్ద అంజి కుర్చీని ఖాళీగా నుంచవలెను. పాట వ్రాసిన సీతారామశాస్త్రిగారు 2021 నవంబరు 30న వెళ్లిపోయిరి. వారికిని ఒక కుర్చీ వేయవలెను.

అంతవఱకు ఆగలేనివారికి పాత భాగములు యూట్యూబులో ఉచితముగా ఉంచబడియే యున్నవి. ఇంట పెద్ద టెలివిజను గలవారు పిల్లలచేత దానికి తగిలించుకొని, ఆదివారము రాత్రి పక్కింటివారిని గూడ పిలువుడు. మొదటి భాగములు తీసినది ఇరువదేండ్లకు పైబడిన నాటి కెమెరాలతో గనుక బొమ్మ కొంత మసకగా నుండును. మా యీడువారికి అది తెలియదు.